వెనక చక్రాల కింద

“బుడగ ఎక్కడుంది?” అని అడిగాడు మొగుడు, స్టీరింగు ముందు నుంచి లేవకుండానే.

“ముందుకి పోయింది,” అంది రైటమ్మ.

బస్సు నడవ మధ్యలో రసమట్టం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని దాని మీదికి వంగి చూస్తోంది ఆమె. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడే జానెడు పనిముట్టు అది. గాజుగొట్టంలో పచ్చటి నీళ్లు, ఆ నీళ్లలో ఒక బుడగ. ఎటు ఎత్తుంటే అటు పరిగెడుతుంది. రెండు గీతల మధ్య అది నిలబడితే ఇల్లు చదునుగా ఉన్నట్టు. నిలబడలేదంటే గిన్నెలో నూనె ఓ పక్కకి చేరుతుంది. స్నానాల మూలలో నీళ్లు తూము దారి మరిచిపోయి మంచాల కిందికి వస్తాయి. అలమర తలుపు దానంతటదే తెరుచుకుని గ్లాసులు నేలపాలవుతాయి. అన్నిటికన్నా ముందు, వెనక మంచం మీద పడుకున్న అత్తగారికి కోపం వస్తుంది.

“నా తల కిందికి పోతోందిరా,” అంది అత్తగారు అక్కణ్ణుంచే. ఆవిడ ఏం కావాలన్నా కొడుకునే అడుగుతుంది. చేసేది కోడలు.

“విన్నావా? అమ్మ తల కిందికుందట. వెనక ఎంత లేపాలి?”

“నాలుగు వేళ్లు.”

“మరింకా కూర్చున్నావేం?”

రైటమ్మ అసలు పేరు అది కాదు. ఈ బస్సు బడి బస్సుగా ఉన్న రోజుల్లో దానికి పద్నాలుగేళ్లు ఆయాగా పనిచేసింది. పిల్లల్ని చంకల కింద చేతులేసి ఎక్కించడం, దింపడం, కక్కుకుంటే తుడవడం, వెనక సీట్లో నిద్రపోయినవాళ్లని వెతికి లేపడం, చివరి పిల్ల ఎక్కాక తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్” అనడం. ఆ పేరు పిల్లలు పెట్టిందే. బస్సు నడిపింది ఆమె మొగుడు. ఇరవయ్యారేళ్లలో ఒక్క పిల్లకి గీత పడకుండా నడిపాడని బళ్లో అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్లు. ఆయన రిటైరైన రోజున హెడ్మాస్టరు వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆ సమయానికి ఆమె బస్సు కడుగుతోంది. కొత్త బస్సుకి కొత్త ఆయాని చూసుకున్నారన్న సంగతి ఆమెకి ఎవరూ పిలిచి చెప్పలేదు. సాయంత్రం మొగుడే ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, “నిన్ను కూడా ఆపేశారులే,” అన్నాడు, కూర తేవడం మరిచిపోయాను అన్నంత మామూలుగా.

పాత బస్సుని బడివాళ్లు వదిలించుకుంటుంటే ఆయనే కొన్నాడు. ఉన్న ఇల్లు అమ్మేశాడు. అమ్మే ముందు పెళ్లాన్ని అడిగాడా అంటే, అడిగాడు. “నీకేం, ఇల్లు ఎంత చిన్నదైతే నీకంత పని తక్కువ,” అన్నాడు. అది అడగడమేనని ఆయన నమ్మకం. “ఇన్నేళ్లూ ఒకే దారిన పోయి ఒకే దారిన వచ్చా. ఇక నా ఇష్టమొచ్చిన దారి,” అని చుట్టుపక్కలవాళ్లకి చెప్పుకుని మురిసిపోయాడు. బోల్టులు తుప్పుపట్టిన సీట్లన్నీ ఊడదీసింది ఆమె. నేలకి చెక్కలు కొట్టింది, గోడలు గీకి రంగు వేసింది, కిటికీకొక తెర కుట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లతో ఆయన, “అంతా సొంతంగా చేసుకున్నా,” అనేవాడు. ఒకసారి పేపర్లో ఫోటో కూడా పడింది. మెట్టు మీద చేతులు కట్టుకుని ఆయన నిలబడి ఉంటాడు. వెనక తీగ మీద ఆరేసిన దుప్పటి కింద రెండు పాదాలు కనిపిస్తాయి. అవి రైటమ్మవి.

ఇల్లు చిన్నదే, కాదనడానికి లేదు. తలుపు నుంచి వెనక గోడదాకా పద్దెనిమిది అడుగులు వేస్తే అయిపోతుంది. కానీ ఆ ఇల్లు ఒకచోట ఉండదు. రెండు మూడు వారాలకోసారి ఆయనకి కొత్త ఊరి మీద గాలి మళ్లుతుంది. అప్పుడు గిన్నెలన్నీ గుడ్డల్లో చుట్టి కట్టాలి, సీసాల మూతలు బిగించాలి, అత్తగారిని మంచానికి దుప్పటితో వదులుగా కట్టాలి. చేరాక అన్నీ విప్పాలి. విప్పే ముందు బస్సు కిందికి దూరాలి. పల్లం ఉన్న పక్కన చక్రాల ముందు చెక్కలు పేర్చాలి, ఆయన బస్సుని వాటి మీదికి ఎక్కిస్తాడు. బుడగ మధ్యకి వచ్చాక చక్రాలు దొర్లకుండా అడ్డుచెక్కలు కొట్టాలి. ఊగకుండా నాలుగు మూలలా జాకీలు ఆనించాలి. ఎక్కించడం ఒక్కటే ఆయన పని. మిగతాదంతా ఆయన కిటికీలోంచి చెబుతుంటాడు, గట్టున కూర్చుని ఈత నేర్పినట్టు.

ఈ పని ఆమెకి నేర్పింది ఒక లారీ షెడ్డు ముసలాయన. మొదట్లో ఒకచోట గేరు బాగుచేయించుకోవడానికి ఆగినప్పుడు, ఆమె బస్సు కింద తడుముకోవడం చూసి ఆయనే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “జాకీ బస్సుకి చేతికర్రమ్మా, భుజం కాదు. ఊగకుండా ఆనించు, అంతేగాని బరువు మొయ్యనియ్యకు,” అన్నాడు. ఇంకోమాట కూడా చెప్పాడు. “హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాల్నే. గేరైనా అంతే. అవి నేల మీద ఉన్నంతసేపే బస్సు మన మాట వింటుంది. ఎప్పుడైనా వాటిని లేపాల్సి వస్తే, ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు బిగించిందాకా కిందికి దూరకు తల్లీ.” మొగుడు పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. “నాలుగు చెక్కలు పెట్టడానికి ఇంత పాఠమా పెద్దాయనా?” అని నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

ఇవాళ ఆగింది మూతపడిన ఒక గోదాము వెనక ఖాళీ స్థలంలో. రాత్రి వాన కురిసినట్టుంది, నేల మెత్తగా ఉంది. స్థలం వెనక్కి, మురుగుకాలువ వైపుకి వాలి ఉంది. రైటమ్మ దిగి వెనక చక్రాల దగ్గర చెక్కలు వేసింది. ఆయన ఎక్కించబోతే చక్రం చెక్కని వెనక్కి విసిరికొట్టింది. మళ్లీ వేసింది. ఈసారి చెక్క బురదలోకి దిగిపోయింది. మూడోసారికి ఆయన ఇంజను ఆపేశాడు.

“ఇలా కాదు. జాకీలతో వెనక లేపి, చక్రాల కింద చెక్కలు తోసెయ్.”

“అడ్డుచెక్కలు రెండే ఉన్నాయండీ. బస్సు జారకుండా రెండూ వెనక చక్రాలకే వేశాం.”

“మిగతావి ఏవి?”

“మొన్నటి చోట మర్చిపోయాం. తొందరపెట్టారుగా.”

“మర్చిపోయింది నువ్వు, తొందర నాది. బావుంది. సరే, చాల్లే, బ్రేకు వేసుంది.”

“వెనక లేపితే బ్రేకు పట్టదు. ఆ రెండూ తీసి ముందు చక్రాలకి వేస్తాను, ఉండండి.”

“ఇరవయ్యారేళ్లు నడిపినవాణ్ణి. ఆయా వచ్చి నాకు బ్రేకు గురించి చెబుతోంది,” అన్నాడు తల్లికి వినపడేట్టు.

“మీరు వాదించుకోండి నాయనా. నా ప్రాణం నడినెత్తికి దిగాక కబురు చేస్తా,” అంది వెనకనుంచి అత్తగారు.

ఎదురు చెప్పొచ్చు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆయన తిట్టడు, కొట్టడు. మాట్లాడటం మానేస్తాడు. పెద్ద ఇల్లయితే అలిగినవాణ్ణి తప్పించుకుని ఇంకో గదిలో తిరగొచ్చు. ఈ ఇంట్లో అన్నం వండుతుంటే వీపుకి తగిలేది ఆ అలకే, నీళ్లు తాగుతుంటే ఎదురుగా కూర్చునేదీ అదే. ఒకసారి ఆరు రోజులు సాగింది. ఏడో రోజున, దేనికని తెలియకుండానే, తప్పైపోయిందని ఆమే చెప్పింది. ఆ ఆరు రోజులతో పోలిస్తే బస్సు కింద పావుగంట ఎంతలే అనిపించింది.

ఆమె జాకీలు దింపుకుంటుంటే గోదాము గేటు దగ్గర కాపలా ఉండే ఆవిడ వచ్చింది. ఎవరి కొలతకో కుట్టిన యూనిఫాం చొక్కా, చేతులు రెండు మడతలు మడిచి వేసుకుంది. కాసేపు చూసింది.

“ఆ బురదలో పడుకుంటావా అక్కా?” అంది.

“పడుకోకపోతే అందదమ్మా.”

“ఉండు,” అని వెళ్లి, తన కుర్చీ మీద పరుచుకునే గోనెసంచి తెచ్చి ఇచ్చింది. అది పొడిగా ఉంది, ఎండకి పెట్టిన వెచ్చదనం ఇంకా ఉంది.

“దానికి అలవాటేలేమ్మా,” అన్నాడు మొగుడు కిటికీలోంచి.

“బురద ఎవరికి అలవాటవుతుంది అన్నా?” అందావిడ.

రైటమ్మ ఆ సంచిని కాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. రెండేళ్లలో ఎన్ని చోట్ల బస్సు కింద వెల్లకిలా పడుకుందో. రాళ్ల మీద, బొగ్గునుసి మీద, ఒకచోట కుక్క పడుకుని లేచిన తడి మీద. వీపు కింద ఏదైనా పరుచుకోవచ్చని తనకే తోచలేదు. కిటికీలో కూర్చున్నవాడికి తోచలేదంటే సరే, తనకెందుకు తోచలేదు? ఒళ్లు తనదే కదా. ఆ ఆలోచన పూర్తికాకముందే “కానీ, కానీ,” అని పైనుంచి వినిపించింది. సంచి పరిచి, వీపు మీద జరుగుతూ లోపలికి పోయింది.

కింద వేరే లోకం. నెత్తిన ఇల్లంతా ఉంటుంది, అడుగువైపు నుంచి. తను కొట్టిన మేకుల మొనలు కనిపిస్తాయి. అత్తగారు పక్కకి తిరిగితే మంచం ఎక్కడ కిర్రుమంటుందో తెలుస్తుంది. ఎడమ జాకీ ఇరుసు కింద నిలిపి తిప్పింది. తర్వాత కుడిది. ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెం. చక్రం నేలనుంచి వేలెడు లేచింది, రెండు వేళ్లు, నాలుగు. ఎడమ చక్రం కింద చెక్క తోసింది. కుడి చక్రం కిందికి రెండో చెక్క తోయబోతూ చెయ్యి చాపింది.

చప్పుడేం కాలేదు. అదే ఆమెకి తర్వాత చాలాసేపు గుర్తుండిపోయింది. చెట్టు ఒరిగినప్పుడు ముందు ఆకులు కదులుతాయి. ఇక్కడ అదీ లేదు. పైనున్న మేకుల మొనలు తన కళ్లముందు నెమ్మదిగా వెనక్కి జరిగాయి, రైలు కదిలేటప్పుడు పక్క పెట్టె జరిగినట్టు. మరుక్షణం జాకీలు రెండూ పడ్డాయి. ఎడమ చక్రం చెక్క మీదినుంచి జారింది. వెనక భాగం మొత్తం ధబ్బున కూలబడింది. ఇరుసు ఆమె రొమ్ము మీదికి వచ్చి, గుడ్డకి తగిలి, అక్కడ ఆగింది. చక్రాలు నేలని తాకగానే బ్రేకు పట్టుకుంది. ఒక మూర దూరం, అంతే. బస్సు ఆగిపోయింది. మెత్తటి నేల ఆమె బరువుకి గోనెసంచితో సహా రెండంగుళాలు కిందికి దిగి ఉండటంవల్ల ఊపిరాడింది.

పైన గిన్నెలు దొర్లాయి. తర్వాత పరుగెత్తే అడుగులు, నడవ పొడుగునా, తల మీదుగా వెనక్కి.

“అమ్మా, పడ్డావా? దెబ్బ తగిలిందా?”

“నాకేం కాలేదు. ఆ పిల్ల ఏదిరా?”

“ఉండు, ఆ వెనకద్దం... హమ్మయ్య, పగల్లేదు.”

“ఒరేయ్, ఆ పిల్ల కిందుంది.”

పెళ్లయి ముప్పయ్యొకటేళ్లలో అత్తగారు తనని పిల్ల అనడం రైటమ్మ ఎప్పుడూ వినలేదు. చెక్కల సందుల్లోంచి ఆ మాట తేలికగా, దుమ్ములాగా రాలింది. పక్కనుంచి కాపలా ఆవిడ నేలమీద చెంప ఆనించి చూస్తోంది. “అక్కా, ఉన్నావా? చేతులు కదుపు. కాళ్లు?” అన్నీ కదిలాయి. ఆవిడ గోనెసంచి అంచు పట్టుకుని మెల్లగా, కొంచెం కొంచెంగా ఆమెని బయటికి లాగడం మొదలుపెట్టింది. అప్పటికి మొగుడి చెప్పులు మెట్టు దిగి బురదలోకి వచ్చాయి. ఆ చెప్పులు ఒక్క క్షణం నిలబడ్డాయి.

“చెక్క విరిగిందా?” అన్నాడు.

రైటమ్మ బయటికొచ్చి, చక్రానికి ఆనుకుని కూర్చుంది. మోచెయ్యి చీరుకుపోయింది. రవిక మీద ఇరుసు గ్రీజు నల్లగా, వెడల్పుగా, ఈ చంక నుంచి ఆ చంకదాకా అంటుకుంది. కాపలా ఆవిడ సీసాలో నీళ్లు తెచ్చి మోచెయ్యి మీద పోసింది. మొగుడు బస్సు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

“ఏం కాలేదుగా. అదృష్టం బావుంది,” అన్నాడు. “అడ్డుచెక్కలు గట్టిగా కొట్టి ఉండవు.” వంగి కిందికి చూశాడు. “అరె. కుడి జాకీ పోయి బ్రేకు గొట్టానికీ ఇరుసుకీ మధ్య ఇరుక్కుంది. ఇది తియ్యకుండా బస్సు కదిపితే గొట్టం తెగుతుంది. పద, దూరి లాగెయ్. ఒక్క నిమిషం పని.”

“మీరు లాగండి,” అంది రైటమ్మ.

ఆ మాట ఆమె గొంతులోంచి మామూలుగానే వచ్చింది, ఉప్పు అందుకోండి అన్నట్టు.

“నేనా?”

“చక్రాలు నేల మీదున్నాయి. బ్రేకు వేసుంది. ఇందాకటి కంటే ఇప్పుడే నయం. ఒక్క నిమిషమేగా.”

ఆయన నవ్వి కాపలా ఆవిడ వైపు చూశాడు, చూశావా ఈ చోద్యం అన్నట్టు. ఆవిడ నవ్వలేదు. ఆయన చొక్కా చేతులు పైకి లాక్కున్నాడు. గోనెసంచి తన వైపుకి జరుపుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి నేలకి ఆనించి, తల కిందికి పెట్టాడు. భుజాలు సగం లోపలికి పోయాయి. అక్కడ ఆగాడు. ఇంజను చల్లబడుతూ ఎక్కడో టిక్కుమంది. ఆయన వీపు మీద చొక్కా వణకడం ఇద్దరాడవాళ్లకీ కనిపించింది. అలా ఎంతసేపు ఉన్నాడో, తల బయటికి తీసి, లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు.

“నడుము పట్టేసింది. రేపు వెలుతురులో చూద్దాం,” అన్నాడు. ఎండ ఇంకా గోదాము గోడ మీద నిండుగా ఉంది. ఆయన పై పెదవి మీద చెమట బొట్లు నిలబడ్డాయి.

కోపం వస్తుందనుకుంది రైటమ్మ. కోపం రాలేదు, కాళ్ల కింద ఉన్నదేదో జారినట్టయింది. ఇన్నాళ్లూ ఆమెని నిలబెట్టింది ఒక్కటే మాట: పాపం, ఆయనకి తెలీదు. కింద ఎలా ఉంటుందో ఎప్పుడూ దూరలేదు కాబట్టి తెలీదు. వంటింట్లో సెగ తెలియనట్టే, ఆరు రోజుల మౌనం ఎదుటి మనిషికి ఎంత పొడుగో తెలియనట్టే, ఇదీ తెలీదు. తెలియనివాణ్ణి క్షమించొచ్చు. బస్సులో కక్కుకున్న పిల్లల్ని ఆమె పద్నాలుగేళ్లు క్షమించింది, ఒక్కరి మీదా విసుక్కోలేదు. మొగుణ్ణి కూడా ఆ పిల్లల వరసలోనే చివరి సీట్లో కూర్చోబెట్టి, తుడుస్తూ వచ్చింది. కానీ తెలియనివాడు అలా వణకడు. బ్రేకు ఏ చక్రాల్ని పట్టుకుంటుందో, ఎప్పుడు వదిలేస్తుందో, వదిలేస్తే ఏది ఎవరి మీద పడుతుందో ఆయనకి ఇరవయ్యారేళ్లుగా తెలుసు. తెలిసే, ప్రతి ఊళ్లోనూ, కిందికి ఎవరు దూరాలో ఆయన చెబుతూ వచ్చాడు.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. దొర్లిన గిన్నెలు ఏరలేదు. తిన్నగా వెనక మంచం దగ్గరికి పోయి, అత్తగారి భుజాల కింద చెయ్యి వేసి లేపి, తలదిండు తీసి కాళ్ల వైపు పెట్టి, ఆవిణ్ణి అటు తిప్పి పడుకోబెట్టింది. ఇప్పుడు తల ఎత్తు వైపుంది.

అత్తగారు కాసేపు పైకప్పు వంక చూసింది. “ఇలా తిప్పితే సరిపోయేదా?” అంది.

“మీ మంచానికైతే సరిపోయేది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు నన్నెప్పుడు అడిగారు అత్తయ్యా?”

ముసలావిడ కోడలి మోచెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసింది. తన తలకి చుట్టుకున్న మెత్తటి పాతగుడ్డ విప్పి, దాంతోనే కట్టు కట్టింది. ముడి బాగానే వేసింది.

“మీ మామగారు బావులు తవ్వేవాడు, తెలుసుగా,” అంది. “పాత బావి పూడిక తియ్యాలంటే ముందు నన్ను దింపేవాడు. లోపల గాలి మంచిదో కాదో చూడాలి కదా. నువ్వు తేలిక, చేదడం సులువు అనేవాడు.” ముడి మీద బొటనవేలితో ఒకసారి నొక్కింది. “నేను తేలికనే అనుకున్నాను.”

పొద్దున్న రైటమ్మ లేచేసరికి మొగుడు టీ పెడుతున్నాడు. ఆయన టీ పెట్టడం ఇదే మొదటిసారి. గిన్నె ఒరిగి ఉండటంతో టీ ఒకవైపే పొంగి పొయ్యి మీద కాలిపోయింది. మిగిలినది గ్లాసులో పోసి తెచ్చి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసు బల్ల మీద పెడితే జారింది, చేత్తో పట్టుకున్నాడు. బయట కాపలా ఆవిడ గేటు తాళం తీస్తున్న చప్పుడు వినిపించింది.

“ఈ చోటు మంచిది కాదు,” అన్నాడు. “చదునుగా ఉండే చోటికి పోదాం. ఈసారి నువ్వు చెప్పిన చోటికే. ఆ జాకీ ఒక్కటి బయటికొస్తే చాలు, కొత్త అడ్డుచెక్కలు కూడా కొందాం.”

ఆమె టీ తాగుతోంది. చల్లారింది, అయినా తాగుతోంది. ఒక కాలు నేల వాలుకి ఎదురుగా ఆనించుకుని, పడకుండా కూర్చోవడం అప్పుడే ఒంటికి పట్టింది.

“నీ ఇష్టమే అంటున్నాగా. మాట్లాడవేం?” అన్నాడు. ఆగి, గొంతు తగ్గించి అన్నాడు, “చెప్పు, ఎన్నాళ్లిలా ఒరిగి బతుకుతాం?”

“మీరు కిందికి దూరేదాకా,” అంది రైటమ్మ.